లేచి నిలువగానే కళ్ళు తిరుగుట: హృదయమును నడుపు నాడుల వికారములు

మన శరీరమున జరుగు పనులు రెండు తెగలు. చేయి చాచుట, నడచుట, మాటలాడుట మన ఇచ్ఛకు లోబడినవి. గుండె కొట్టుకొనుట, రక్తనాళములు ముడుచుకొనుట, విచ్చుకొనుట, చెమట పోయుట, తిన్న అన్నము అరుగుట మన ఇచ్ఛతో పని లేనివి. మనము గాఢనిద్రలో ఉన్నను ఇవి ఆగవు. ఈ రెండవ తెగ పనులను రేయింబవళ్ళు కనిపెట్టి నడుపునది స్వయంచోదిత నాడీమండలము. దీనినే ఆంగ్ల వైద్యులు ఆటోనమిక్ నెర్వస్ సిస్టమ్ అందురు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ 1898లో దీనికి ఈ పేరు పెట్టెను.

ఈ నాడులు చెడినపుడు ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడును. గుండె కండరము గట్టిగనే యుండవచ్చును. కవాటములు బాగుగనే పనిచేయుచుండవచ్చును. ఇ.సి.జి. తీసినను దోషము కనబడకపోవచ్చును. అయినను రోగి మంచము మీదనుండి లేచి నాలుగడుగులు వేయగానే కళ్ళు చీకట్లు క్రమ్మి కూలబడును. ఇంటివారు దీనిని నీరసమందురు, పైత్యమందురు, వయసు మీద పడినదందురు. వైద్యుని యొద్ద కుర్చీలో కూర్చుండబెట్టి చూచిన రక్తపోటు సరిగానే ఉండుటచే వ్యాధి మరుగున పడిపోవును. ఒకనాటి రాత్రి మూత్రమునకు లేచిన పెద్దమనిషి పడి తుంటి ఎముక విరిగిన తరువాత గాని అసలు సంగతి బయటపడదు.

కావున ఈ పాఠములో ముఖ్యముగ చెప్పదలచినది ఒక్కటే. రక్తపోటును కూర్చుండబెట్టి చూచిన చాలదు. పడుకోబెట్టి, పిమ్మట నిలువబెట్టి కూడ చూడవలెను. ఈ రెండు అంకెల నడుమ గల తేడాయే నాడుల స్థితిని తెలుపును.

కళ్ళెము – కొరడా

ఈ నాడీమండలమున రెండు శాఖలు కలవు. మొదటిది సహానుభూత శాఖ. ఆంగ్లమున సింపథెటిక్ అందురు. ఇది వెన్నుపాములోని ఛాతీ, నడుము భాగముల నుండి బయలుదేరును. గుండె వేగమును, బలమును పెంచుట, రక్తనాళములను బిగించుట దీని పని. రెండవది పరానుభూత శాఖ, అనగా పారాసింపథెటిక్. గుండెకు సంబంధించినంత వరకు దీనిలో ప్రధానమైనది మెదడునుండి దిగు పదవ నాడి. దీని పేరు వేగస్. ఇది గుండె వేగమును తగ్గించును. గుండెను గుఱ్ఱముతో పోల్చినచో సహానుభూత నాడి కొరడా, వేగస్ నాడి కళ్ళెము.

గుండెలోనే పుట్టు సహజమైన వేగము నిమిషమునకు ఇంచుమించు 100. విశ్రాంతిగా కూర్చున్న ఆరోగ్యవంతుని నాడి 60 నుండి 80 వరకు ఉండుటకు వేగస్ కళ్ళెమే కారణము. దీనికి తార్కాణము గుండె మార్పిడి చికిత్సలో కనబడును. మన దేశమున విజయవంతమైన మొదటి గుండె మార్పిడి 1994 ఆగస్టులో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జరిగెను. దానిని చేసిన శస్త్రవైద్యుడు డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారే. ఇట్లు అమర్చిన గుండెకు నాడులు తెగిపోయి యుండును. అయినను అది కొట్టుకొనును, కాని కళ్ళెము లేకపోవుటచే విశ్రాంతిలో కూడ 100కు దగ్గరగా కొట్టుకొనును. మెట్లు ఎక్కునపుడు వేగము అందుకొనుట ఆలస్యమగును, దిగిన తరువాత తగ్గుటయు ఆలస్యమగును. నాడులు లేక గుండె బ్రతుకగలదు గాని, సమయమునకు తగినట్లు మెలగుట దానికి కష్టమని దీనివలన తెలియుచున్నది.

ఈ నాడులు గుండెతో ఎట్లు మాటలాడునో 1921లో ఆస్ట్రియా దేశమున ఆటో లోవి అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఆయన ఒక కప్ప గుండె యొక్క వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవమును వేరొక కప్ప గుండెపై పోసెను. రెండవ గుండె కూడ మందగించెను. నాడి చివర ఒక రసాయన పదార్థము ఊరుచున్నదని దీనితో తేలినది. ఆ పదార్థము అసిటైల్ కోలిన్. సహానుభూత నాడుల చివర రక్తనాళములపై ఊరునది నారడ్రినలిన్. ఈ రెండు పేర్లు గుర్తుంచుకొన్నచో తరువాత మూలికలను గూర్చి చెప్పునది సులభముగ బోధపడును.

లేచి నిలబడినపుడు ఏమి జరుగును?

మనము పడుకొని లేచి నిలబడగానే సుమారు అర లీటరు మొదలు ముప్పాతిక లీటరు వరకు రక్తము కాళ్ళలోనికి, పొట్టలోని సిరలలోనికి జారును. గుండెకు తిరిగివచ్చు రక్తము ఆ మేరకు తగ్గును. గుండె తక్కువ రక్తమును పంపును. మెదడు పైన ఉన్నది కావున దానికి ముందుగ కొఱత ఏర్పడవలెను. కాని ఆరోగ్యవంతునకు ఏమియు కాదు. ఎందుచేత?

మెడకు ఇరుప్రక్కల గల పెద్ద ధమనులలోను, గుండెనుండి వెడలు బృహద్ధమని వంపులోను రక్తపోటును కనిపెట్టు సూక్ష్మమైన నాడీకొనలు కలవు. పోటు కొంచెము తగ్గగానే అవి మెదడు క్రిందిభాగమునకు కబురు పంపును. అక్కడినుండి వెంటనే వేగస్ కళ్ళెము సడలించుమని, సహానుభూత నాడులు రక్తనాళములను బిగించుమని ఆజ్ఞ వెలువడును. ఇదంతయు కొన్ని సెకనులలో జరిగిపోవును. మన పిక్కల కండరములు కూడ సిరలను నొక్కి రక్తమును పైకి నెట్టుచుండును.

ఈ కబురును తీసికొనిపోవు నాడులో, ఆజ్ఞను తెచ్చు నాడులో దెబ్బ తిన్నచో రక్తము కాళ్ళలోనే నిలిచిపోవును. కళ్ళు మసకబారుట, మెడ వెనుక, భుజములపై నొప్పి, కాళ్ళు తేలిపోవుట, చివరకు స్పృహ తప్పుట సంభవించును. పడుకొనగానే ఇవన్నియు తగ్గిపోవుట ఈ వికారము యొక్క ముఖ్య లక్షణము.

ఆయుర్వేద దృష్టి

మన ప్రాచీనులు శరీరములోని చలనమంతటికిని వాయువును కారణముగ చెప్పి, దానిని ప్రాణ, ఉదాన, వ్యాన, సమాన, అపానములుగ విభజించిరి. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున వ్యానవాయువునకు హృదయమే స్థానమని, అది మహావేగముతో దేహమంతట సంచరించునని చెప్పెను. శిరస్సున ఉండు ప్రాణవాయువు హృదయమును, ఇంద్రియములను ధరించుననియు చెప్పెను. నాటి వాయువును నేటి నాడితో ఒకటేయని తేల్చుట తగదు. అయినను శిరస్సునుండి ఒక శక్తి హృదయమును నిలుపుచున్నదను భావము ఆలోచింపదగినది.

చరకసంహిత సూత్రస్థానము 24వ అధ్యాయమున మదము, మూర్ఛ, సన్న్యాసము అను మూడు స్థితులు వర్ణింపబడినవి. ఇక్కడ మూర్ఛ యనగా స్పృహ తప్పుట యని గ్రహించవలెను. మొదటి రెండును దోషవేగము తగ్గగానే తమంతట శమించును, సన్న్యాసము మాత్రము ఔషధము లేనిదే శమింపదని ఆచార్యుల నిర్ణయము. ఈ విభజన నేటికిని ఉపయోగపడును. పడుకోబెట్టిన ఒకటి రెండు నిమిషములలో తేరుకొన్నవాని సంగతి వేరు, తేరుకొననివాని సంగతి వేరు. రెండవవానిని ఇంటిలో ఉంచుకొని కాలయాపన చేయరాదు.

మలమూత్రాదుల వేగములను ఆపుటయే గాక, రానివాటిని బలవంతముగ రప్పించుటయు రోగకారణమని అష్టాంగహృదయము చెప్పుచున్నది. మలబద్ధముతో ముక్కునపుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గును. నాడులు బలహీనముగ ఉన్నవారు మరుగుదొడ్డిలో పడిపోవుటకు ఇదియొక ముఖ్య కారణము.

వికారములలోని భేదములు

1. నిలువు పతనము: నిలబడిన 3 నిమిషములలోపల పై రక్తపోటు 20 గాని, క్రింది రక్తపోటు 10 గాని, అంతకు మించి గాని పడిపోయినచో దీనిని నిలువు పతనమందురు. 1925లో అమెరికా దేశపు వైద్యులు బ్రాడ్‌బరీ, ఎగిల్‌స్టన్ ముగ్గురు రోగులయందు దీనిని చక్కగ వర్ణించిరి. ఇట్టివారిలో కొందరికి ఒక విపరీత లక్షణము కూడ ఉండును. నిలబడినపుడు పడిపోవు రక్తపోటు, వెల్లకిల పడుకొనినపుడు మితిమీరి పెరుగును. పడుకొన్నప్పటి అంకెను మాత్రమే చూచి మందు పెంచినచో రోగి మరింత పడిపోవును. నిలబడినప్పటి అంకెను మాత్రమే చూచి మందు మానిపించినచో రాత్రి రక్తపోటు విజృంభించును. కావున రెండు అంకెలును వైద్యుని ముందుంచవలెను. స్వయముగ మందు మానరాదు.

2. సాధారణ మూర్ఛ: 1932లో సర్ థామస్ లూయిస్ దీనికి వాసోవేగల్ సింకోపీ యని పేరు పెట్టెను. ఎండలో పాఠశాల ప్రార్థనలో నిలబడిన బాలిక, ఉపవాసముతో దేవాలయపు క్యూలో నిలబడిన గృహిణి, రక్తమును గాని సూదిని గాని చూచి తెల్లబోయిన యువకుడు ఈ తెగకు చెందినవారు. ఇందు నాడులు చెడినవి కావు. కొరడా హఠాత్తుగ జారి, కళ్ళెము గట్టిగ బిగియుటచే రక్తపోటును, నాడివేగమును ఒక్కసారిగ పడిపోవును. ముందుగ వికారము, చెమట, ఆవులింతలు, చెవులలో హోరు కలుగును. ఇది సామాన్యముగ ప్రాణాపాయము కాదు.

3. నిలబడగానే గుండెదడ: ఇందు రక్తపోటు పడదు. నిలబడిన 10 నిమిషములలో నాడివేగము 30 గాని అంతకు మించి గాని పెరిగి, దడ, తల తేలిపోవుట, అలసట నెలల తరబడి బాధించును. 12 మొదలు 19 సంవత్సరముల వయసువారికి ఈ పెరుగుదల 40గ లెక్కించవలెను. దీనిని 1993 నుండి పాట్స్ అను పేరుతో పిలుచుచున్నారు. యుక్తవయసు స్త్రీలలో ఇది ఎక్కువ. కొందరిలో వైరస్ జ్వరముల తరువాతను, 2020 తరువాతి కాలమున కోవిడ్ తరువాతను కనబడినది. రక్తహీనత, థైరాయిడ్ దోషము లేవని ముందుగ తేల్చుకొనవలెను. ఇట్టి బాలికను నటించుచున్నదని, చదువు తప్పించుకొనుచున్నదని నిందించుట అన్యాయము.

4. భోజనానంతర పతనము: అన్నము తిన్న తరువాత రక్తము జీర్ణాశయము వైపు మరలును. నాడులు మందగించిన వృద్ధులలో భోజనము చేసిన 2 గంటలలోపల రక్తపోటు పడిపోవును. విస్తరి ముందునుండి లేచి చేయి కడుగుకొనబోవుచు పడిపోవుటకు ఇదే హేతువు.

మధుమేహము – నొప్పి తెలియని గుండెపోటు

మన ఇండ్లలో ఈ నాడులను అన్నిటికంటె ఎక్కువగ చెఱచునది మధుమేహము. చాల సంవత్సరములు అదుపు తప్పియున్న చక్కెర సన్నని, పొడవైన నాడులను ముందుగ దెబ్బతీయును. పొడవైన వేగస్ నాడి తొలుత క్షీణించును. కళ్ళెము తెగుటచే విశ్రాంతిగ ఉన్నను నాడి 90, 100 కొట్టుచుండును. పిమ్మట సహానుభూత నాడులును చెడి నిలువు పతనము మొదలగును. పాదములలో చెమట తగ్గుట, కొంచెము తినగానే కడుపు నిండినట్లుండుట, పురుషులలో పటుత్వలోపము దీనికి తోడుగ కనబడవచ్చును.

అంతకంటె భయంకరమైనది వేరొకటి కలదు. గుండెనుండి నొప్పిని మెదడునకు చేర్చు నాడులును ఈ మార్గముననే ప్రయాణించును. అవి చెడినచో గుండెపోటు వచ్చినను ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చును. కారణము లేని చెమట, ఆయాసము, వాంతి, హఠాత్తుగ నిస్త్రాణ, ఇంతమాత్రమే కనబడును. ఇంటివారు గ్యాస్ అనుకొని జీలకఱ్ఱ కషాయమో, సోడాయో ఇచ్చి పడుకోబెట్టుదురు. విలువైన గంటలు గడచిపోవును. చాలకాలముగ మధుమేహము గలవానికి ఈ లక్షణములు హఠాత్తుగ కలిగినచో ఇ.సి.జి. తీయించువరకు అది గుండెపోటేయని భావించవలెను.

అట్లే చక్కెర తగ్గిపోవునపుడు సామాన్యముగ కలుగు చెమట, వణకు, దడ అను హెచ్చరికలు కూడ ఇట్టివారిలో మూగవోవును. కావున వీరు చక్కెరను తరచుగ పరీక్షించుకొనవలెను. మొదటినుండి చక్కెరను గట్టిగ అదుపులో ఉంచినచో నాడుల నష్టము గణనీయముగ తగ్గునని మొదటి రకము మధుమేహ రోగులపై అమెరికా, కెనడాలలో జరిపి 1993లో వెల్లడించిన ప్రసిద్ధ పరిశోధన నిరూపించినది. నాడి ఒకసారి చచ్చిన తరువాత బ్రతికించు మందు కంటె, చావకుండ కాపాడుకొనుట మేలు.

మధుమేహముగాక కంపవాతము, వార్ధక్యము, బి12 విటమిన్ లోపము, వెన్నుపాము దెబ్బలు కూడ ఈ నాడులను చెఱచును. మూత్రగ్రంథి వాపునకు వాడు టామ్సులోసిన్, ప్రాజోసిన్ వంటి మందులు, నీరుడు మాత్రలు, గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను మాత్రలు, కొన్ని మానసిక రోగ ఔషధములు నాడులు బాగున్నవారికి సైతము నిలువు పతనమును కలిగించవచ్చును.

ఇంటిలో పరీక్షించు విధము

రక్తపోటు యంత్రము నేడు అనేక గృహములలో ఉన్నది. రోగిని 5 నిమిషములు వెల్లకిల పడుకోబెట్టి రక్తపోటు, నాడివేగము వ్రాసికొనవలెను. పిమ్మట నిలువబెట్టి 1 నిమిషమునకు, 3 నిమిషములకు మరల చూడవలెను. ప్రక్కన ఒకరు పట్టుకొనుటకు సిద్ధముగ నుండవలెను. కళ్ళు తిరిగినచో వెంటనే పడుకోబెట్టవలెను. ఉదయము లేవగనే ఒకసారి, భోజనమైన గంటకు ఒకసారి చూచుట మేలు.

రక్తపోటు పడినపుడు నాడివేగము బాగుగ పెరిగినచో శరీరములో నీరు గాని, రక్తము గాని తగ్గినదని అనుమానించవలెను. రక్తపోటు బాగుగ పడినను నాడి కదలకున్నచో స్వయంచోదిత నాడుల దోషమును శంకించవలెను. గుండె వేగమును తగ్గించు మాత్రలు వాడువారికి ఈ గుర్తు వర్తింపదు. ఈ అంకెలను తేదీతో, వేళతో వ్రాసిన కాగితము వైద్యునకు ఎంతయు ఉపకరించును.

దినచర్యలో పాటించవలసినవి

ఉదయము ఒక్కసారిగ లేవరాదు. ప్రక్కకు తిరిగి, లేచి కూర్చుండి, కాళ్ళు క్రిందికి వ్రేలాడదీసి, పాదములను పది పదిహేనుసార్లు ఆడించి, ఒకటి రెండు నిమిషముల పిమ్మట నిలువవలెను. లేచుటకు ముందు రెండు గ్లాసులు, అనగా సుమారు అర లీటరు మంచినీరు 4, 5 నిమిషములలో త్రాగినచో నాడీదోషము గలవారిలో రక్తపోటు గంటసేపు కొంత నిలకడగ ఉండును. గుండె నీరసించి ఒళ్ళు నీరు పట్టినవారు, మూత్రపిండ రోగులు మాత్రము వైద్యుని అడిగి త్రాగవలెను.

మంచపు తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టి 10 మొదలు 20 సెంటీమీటర్లు ఎత్తు చేయవలెను. దిండ్లు పెంచిన మాత్రమున ఈ ఫలము రాదు. మంచమంతయు ఏటవాలుగ నుండవలెను. దీనివలన రాత్రి రక్తపోటు మితిమీరదు, మూత్రము రూపమున ఉప్పు, నీరు ఎక్కువగ పోవు, తెల్లవారి లేచునపుడు పతనము తగ్గును. పగటిపూట వెల్లకిల పడుకొనుటకు బదులు వాలుకుర్చీలో విశ్రమించుట మంచిది.

ఒక్కసారిగ కడుపునిండ అన్నము తినక, మూడు పూటల ఆహారమును ఐదారు భాగములుగ తినవలెను. పలుచని మజ్జిగ, రాగి అంబలి వేసవిలో నీటి లోటును తీర్చును. ఉప్పు పెంచుట అందరికిని తగదు. పడుకొన్నపుడు రక్తపోటు పెరుగువారు, గుండె, మూత్రపిండ రోగులు వైద్యుని అనుమతి లేక ఉప్పు పెంచరాదు. మద్యము రక్తనాళములను సడలించును కావున వర్జించవలెను. మిక్కిలి వేడినీటి స్నానము కూడ అట్టిదే. తలంటు స్నానము పీటపై కూర్చుండి, గోరువెచ్చని నీటితో చేసి, నెమ్మదిగ లేవవలెను.

వృద్ధులు రాత్రి మూత్రవిసర్జన కూర్చుండియే చేయవలెను. దారిలో దీపము వెలుగుచుండవలెను. దూరము నడవలేనివారికి మంచము ప్రక్కనే పాత్ర ఉంచుట సిగ్గుపడవలసిన విషయము కాదు. మలబద్ధమునకు పండ్లు, కూరలు, నానబెట్టిన ద్రాక్ష తగినంత వాడుకొనవచ్చును. మధుమేహము గలవారు ద్రాక్షను మానవలెను. కొంచెము తినగానే వాంతి వచ్చువారు పీచు పొడులు వాడరాదు.

నిలబడియున్నపుడు తల తేలినట్లు అనిపించినచో కాళ్ళను కత్తెరవలె పెనవేసి తొడలు బిగించుట, పిడికిళ్ళు గట్టిగ బిగించుట, మడమలెత్తి దించుట, లేదా గొంతుకూర్చొనుట వెంటనే ఫలమిచ్చును. నడుమునకు వెడల్పాటి పట్టీ బిగించుకొనుట, సాగు గుణము గల మేజోళ్ళు ధరించుట కూడ ఉపకరించును. పడుకొనునపుడు వాటిని విప్పివేయవలెను.

ప్రాణాయామములో నిమిషమునకు 6 శ్వాసలు వచ్చునట్లు 4 సెకనులు పీల్చి, 6 సెకనులు విడుచుట వేగస్ నాడికి మంచి వ్యాయామము. ఆరోగ్యవంతునకు పీల్చునపుడు నాడి వేగిరపడి, విడుచునపుడు మందగించును. గాలిని బలముగ బంధించు కుంభకము, భస్త్రిక, కపాలభాతి, శీర్షాసనము ఇట్టివారికి తగవు. శవాసనమునుండి దిగ్గున లేవరాదు.

మూలికల విషయమున జాగ్రత్త

మూలికలన్నియు నిరపాయమను భ్రమ ఈ వ్యాధిలో ముఖ్యముగ ప్రమాదకరము. ఎందుకనగా ఈ నాడులపై తీవ్రముగ పనిచేయు మూలికలు మన దేశముననే ఉన్నవి.

సర్పగంధ: ఈ వేరు రక్తపోటును తగ్గించునని 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ వెల్లడించిరి. బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్రాసిన వ్యాసముతో దీని కీర్తి ప్రపంచమంతట వ్యాపించెను. 1952లో దీనినుండి రిసర్పిన్ అను సారము వేరుచేయబడెను. అది సహానుభూత నాడుల కొనలలోని నారడ్రినలిన్ నిలువలను ఖాళీ చేయును. కావున నిలువు పతనము గలవాడు దీనిని తాకరాదు. మనోవ్యాకులత కలిగించు గుణము కూడ దీనికి కలదు.

ఉమ్మెత్త: దీనిలోని అట్రోపిన్ మొదలగు సారములు అసిటైల్ కోలిన్ పనిని అడ్డగించి వేగస్ కళ్ళెమును తెంచును. నోరెండుట, కనుపాపలు విచ్చుకొనుట, గుండెదడ, మతిభ్రంశము కలుగును. ఆయాసమునకు ఉమ్మెత్త ఆకుపొగ పీల్చుట ప్రాణాంతకము కావచ్చును.

దూలగొండి: దీని విత్తులలో లెవోడోపా కలదు. కంపవాతమునకు దీనిని వాడుట శాస్త్రసమ్మతమే. కాని ఇది నిలబడినపుడు రక్తపోటును తగ్గించును. ఆంగ్ల వైద్యుడిచ్చిన లెవోడోపా మాత్రలతో కలిపి తెలియక వాడినచో ద్విగుణీకృతమగును.

అతిమధురము: ఇది శరీరములో ఉప్పును, నీటిని నిలిపి, పొటాషియమును పోగొట్టి రక్తపోటును పెంచును. తక్కువ రక్తపోటునకు మంచిదని విని దినదినము వాడినచో పొటాషియము తగ్గి గుండె లయ తప్పు ప్రమాదమున్నది.

నాడీదోషము నిర్ధారణయైన పిమ్మట ఆధునిక వైద్యులు ఫ్లూడ్రోకార్టిసోన్, మిడోడ్రిన్ వంటి మందులను అవసరమును బట్టి ఇచ్చుచున్నారు. మిడోడ్రిన్ పడుకొన్నపుడు రక్తపోటును పెంచును కావున నిద్రకు 4 గంటలలోపల తీసికొనరాదు. ఇవి చీటీ లేక కొనదగినవి కావు. ఆయుర్వేద ఔషధము వాడువారు ఆ సంగతి ఆంగ్ల వైద్యునకును, ఆంగ్ల ఔషధము వాడువారు ఆయుర్వేద వైద్యునకును దాచక చెప్పవలెను.

ఎవరైనను పడిపోయినపుడు

వెంటనే వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టవలెను. గుండీలు సడలించి గాలి ఆడనీయవలెను. లేపి కూర్చుండబెట్టుట తప్పు. కూర్చుండబెట్టినచో మెదడునకు రక్తము అందుట మరింత ఆలస్యమగును. స్పృహ లేనివాని నోట నీరు గాని, సోడా గాని పోయరాదు. చేతిలో ఇనుప తాళపుచెవులు పెట్టుట, ఉల్లిగడ్డ వాసన చూపుట అను వాటితో కాలము వ్యర్థము చేయరాదు. శ్వాస ఆడుచున్నదో లేదో చూడవలెను. వాంతి వచ్చునట్లున్నచో ప్రక్కకు తిప్పవలెను. తేరుకొన్న పిమ్మట 10, 15 నిమిషములు పడుకోనిచ్చి, నెమ్మదిగ లేపవలెను.

ఒకటి రెండు నిమిషములలో తేరుకొననిచో, శ్వాస ఆడనిచో, ఛాతీలో నొప్పి గాని, ఆయాసము గాని ఉన్నచో, మాట తడబడినచో 108కి ఫోను చేయవలెను. పరుగెత్తునపుడు గాని, పడుకొనియుండగ గాని స్పృహ తప్పుట, ఏ హెచ్చరిక లేక హఠాత్తుగ పడిపోవుట, పడిపోవుటకు ముందు గుండె తీవ్రముగ కొట్టుకొనుట, వంశమున చిన్న వయసులో హఠాన్మరణములు ఉండుట, ఇవి సాధారణ మూర్ఛకు లక్షణములు కావు. ఇవి గుండె లయదోషమును సూచించవచ్చును. ఆలస్యము చేయక హృద్రోగ నిపుణుని దర్శించవలెను.

పాఠసారము

గుండె బాగున్నదని చెప్పుటకు గుండెను మాత్రమే చూచిన చాలదు, దానిని నడుపు నాడులను కూడ చూడవలెను. ఆ నాడులను చూచుటకు గొప్ప యంత్రములు మొదటనే అక్కరలేదు. రక్తపోటు పట్టీ, గడియారము, పడకనుండి లేపి నిలబెట్టిన 3 నిమిషములు చాలును. మీ ఇంట 60 ఏండ్లు దాటినవారు గాని, చాలకాలముగ మధుమేహము గలవారు గాని, రక్తపోటుకో మూత్రగ్రంథికో మందులు వాడువారు గాని ఉన్నచో ఈ వారమే ఆ 3 నిమిషములు వెచ్చింపుడు. తేడా 20 దాటినచో ఆ కాగితము తీసికొని వైద్యుని యొద్దకు పొండు. విరిగిన తుంటి ఎముకను అతికించుట కంటె మంచపు కోళ్ళ క్రింద రెండు ఇటుకలు పెట్టుట ఎంతయో సులభము.